ఆరున్నొక్కటి

జనగామలో మేము పనిచేసిన కార్ఖానా రైలు పట్టాలకు అవతల, మూతపడ్డ బియ్యం మిల్లు వెనక ఉండేది. పైన రేకులు, కింద నాపరాళ్ళు. మొత్తం పదకొండుమందిమి, అందులో ఆడవాళ్ళం నలుగురం. నేను 1974 జూన్ 10, సోమవారం నాడు చేరాను.

అక్కడ చేసే వస్తువు అరచేతిలో మూడు పట్టేంత చిన్నది. నీళ్ళలో మునిగి తిరిగే మోటారుకు కరెంటు లోపలికి పోవాలి, నీళ్ళు మాత్రం పోకూడదు. బొగ్గు బావుల్లో తడి గోడకు బిగించే గంట పెట్టెకూ అంతే. పెట్టె గోడకు చిల్లి పెట్టి తీగ దూర్చి చుట్టూ రబ్బరు కుక్కితే నాలుగు నెలలు ఆగుతుంది, ఆ తర్వాత తడి దిగుతుంది. మా బిళ్ళ ఆ చిల్లిలో కూర్చునేది. బయట ఇనుప కట్టు, నడుమ గాజు, గాజులోంచి అటూ ఇటూ పొడుచుకొచ్చిన సూది. కరెంటు సూది వెంట పోతుంది. గాజు ఇనుమును, సూదిని ఎక్కడా సందు లేకుండా పట్టుకొని ఉంటుంది. ఉండాలి.

కట్టు, గాజు పూస, సూది ఈ మూడింటినీ బొగ్గు అచ్చులో పేర్చి కొలిమిలో పెడితే గాజు కరిగి రెండిటికీ అతుక్కునేది. తర్వాత మెల్లగా చల్లార్చాలి. ఒక పక్క తొందరగా చల్లారితే గాజులో వెంట్రుక కన్నా సన్నని పగులు వస్తుంది. అది కంటికి కనబడదు. దాన్ని పట్టడమే మా బల్ల పని. మా బల్ల అంటే ఇద్దరం, పెద్దక్క, నేను.

నా సంగతి ముందు చెప్పేస్తాను. 1969లో నేను వరంగల్‌లో పీయూసీ చదువుతున్నాను. తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి నాకు ఆ ఏడాది పోయింది. ఇంట్లో కూర్చొని తరగతి లేని ప్రతి రోజుకూ నోటుబుక్కులో ఒక గీత గీసేదాన్ని. గీతలు నిండిపోయాయి, చదువు మళ్ళీ మొదలు కాలేదు. తేదీ, వారం, లెక్క రాసుకోవడం మాత్రం అలవాటై మిగిలిపోయింది. అది చూసే మా యజమాని నాకు రిజిస్టరు అప్పగించాడు. ఆయన్ని మేము సారు అనేవాళ్ళం. హైదరాబాదులో ఒక కార్ఖానాలో ఈ విద్య నేర్చుకొని వచ్చి సొంతంగా పెట్టుకున్న మనిషి.

పెద్దక్కది దేవరుప్పుల దగ్గర ఊరు. మొగుడు పోయాక కూతురితో జనగామ వచ్చింది. నాకన్నా పదహారేళ్ళు పెద్ద. చదువు రాదు. కాని ఆమె కళ్ళలాంటి కళ్ళు నేను మళ్ళీ చూడలేదు.

పరీక్ష ఇలా ఉండేది. ఒక ఇనుప పళ్ళేనికి పన్నెండు గుంటలు, రెండు వరసల్లో ఆరేసి. అచ్చులో ఉన్న వరసలోనే ఒక్కో గుంటలో ఒక్కో బిళ్ళను బిగించి, పళ్ళేన్ని నీళ్ళ తొట్టిలో ముంచి, కింది నుంచి గాలి ఎక్కించేవాళ్ళం. బిళ్ళలో పగులుంటే దాని మీద బుడగ లేస్తుంది. పెద్ద పగులైతే ఎవరికైనా కనబడుతుంది. చిన్నదైతే రెండు నిమిషాల్లో ఒకటే బుడగ, ఆవగింజలో సగం, అదీ లేచి వెంటనే నీళ్ళలో కలిసిపోయేది. పెద్దక్క తొట్టి మీద వంగి దాన్ని పట్టేది. "ఊపిరి తీస్తుంది" అని, ఎన్నో గుంటో చెప్పేది. నేను తల ఎత్తకుండా రాసుకునేదాన్ని. పళ్ళెం పైకి తీసి తుడిచాక రిజిస్టరు చూసుకొని ఆ బిళ్ళ సూదిని పట్టకారుతో విరిచేసేదాన్ని. అప్పటికి ఆమె రెండో తొట్టిలో తర్వాతి పళ్ళెం మీద ఉండేది. బాగున్న బిళ్ళల కట్టు మీద తేదీ, ఆ రోజు పళ్ళెం నంబరూ గుంట నంబరూ సుత్తితో గుద్ది పంపేవాళ్ళం.

పెద్దక్క నాయిన కల్లాల్లో వడ్లు కొలిచే మనిషి. ఆమె అంకెలు ఆయన వెనక నిలబడి నేర్చుకున్నవి. వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, అంటే ఏడవమన్నట్టు అవుతుంది. ఆరున్నొక్కటి అంటారు. ఆమె తొట్టి మీద కూడా అలాగే చెప్పేది.

మొదటి వారంలోనే ఒకనాడు ఆమె "లాభం ఊపిరి తీస్తుంది" అంటే కొలిమి దగ్గరి మగవాళ్ళు పడి పడి నవ్వారు.

"పగిలిన బిళ్ళకు లాభమేందక్కా? సారు వింటే మనకు జీతాలు బందువెడ్తడు" అన్నాడు ఒకడు.

"నీ నోట్లె మన్నువడ. మీ ఇంట్ల వడ్లు కొలిస్తే తెలుస్తది, తూర్పారబట్టిన మొఖమన్న చూసినవా ఎన్నడు?"

నాకు నవ్వు రాలేదు. రిజిస్టరులో లాభం అనే మాట ఎలా రాయను? పని అయ్యాక ఆమెను పక్కకు పిలిచి చెప్పాను. "పెద్దక్కా, ఇది కల్లం కాదు. ఒకటిని ఒకటనే అను. లాభం అనకు."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "సరే చెల్లే. ఒకటంటే ఒకటే. కని ఆ ఇంకో అంకె మాత్రం అనుమనకు. పని కాడ ఆ మాట నా నోటెంట రాదు."

దానికి నేను ఒప్పుకున్నాను. ఆరున్నొక్కటి అంటే ఏడని నాకు తెలుసు, నేనూ ఇక్కడ పుట్టిన దాన్నే. అలా సగం ఆమె లెక్క, సగం నా లెక్క కలిపి నాలుగేళ్ళు పని చేశాం. ఆ నాలుగేళ్ళలో మా బల్ల దాటిన బిళ్ళ ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. సారు బేరానికి వచ్చినవాళ్ళను మా బల్ల దగ్గరికే తీసుకొచ్చి చూపించేవాడు. "మా అక్క కండ్లు" అనేవాడు. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకొని నీళ్ళలోకే చూస్తూ ఉండేది.

1978 నవంబరు 16, గురువారం నాడు సారు నన్ను వెంటబెట్టుకొని మహబూబాబాద్ పోయాడు. రిజిస్టరు తీసుకురమ్మన్నాడు. కాజీపేటలో బండి మారి, దిగేసరికి పదకొండున్నర. స్టేషను బయట మోటార్లకు తీగ చుట్టే దుకాణం ఒకటి ఉంది. అక్కడ మా బిళ్ళ పెట్టిన మోటారు విప్పి పరిచి ఉంది. లోపల తీగ నల్లగా మాడి ఉంది, పెట్టె అడుగున చారెడు నీళ్ళు. ఆ మోటారు గల రైతు పక్కనే బీడీ పట్టుకొని కూర్చున్నాడు. బయ్యారం దిక్కు మనిషి.

"సారూ, జనగామల గాజులు అమ్ముతరంటే ఆడోళ్ళు ఏస్కునే గాజులనుకున్న. గివా?" అన్నాడు.

"నీళ్ళు బిళ్ళ కాడికెల్లే దిగినయని ఎట్ల చెప్తవు?" అని సారు దుకాణం మనిషిని అడిగాడు.

దుకాణం మనిషి బిళ్ళను నోట్లో పెట్టుకొని ఒక పక్కనుంచి ఊదాడు. రెండో పక్క తడిపి ఉంచిన వేలి మీద చిన్న నురగ లేచింది.

"చూస్తివా" అన్నాడు రైతు. "ఎకరం మిరప తోట సారూ. పదకొండు దినాలు నీళ్ళు లెవ్వు. పూత మొత్తం రాలింది. నేను ఎవ్వలనడుగాలె?"

సారు బిళ్ళ నా చేతికిచ్చాడు. కట్టు మీద ఆగస్టు 22, పళ్ళెం 43, గుంట 6. రిజిస్టరు తీశాను. ఆగస్టు 22, మంగళవారం. పళ్ళెం 43. తీసేసినది: 7. నా చేతిరాత చక్కగా ఉంది, కొట్టివేత లేదు. ఆరు గురించి ఏమీ లేదు.

"అంటే అక్క దాన్ని చూడలే" అన్నాడు సారు. నేను తల ఊపాను.

మర్నాడు పొద్దున అందరి ముందూ అడిగాడు.

"అక్కా, గీ ఆరు నంబరు ఊపిరి తీస్తుంటే నీకు కనవడలేదా?"

పెద్దక్క బిళ్ళను వేళ్ళతో తిప్పింది. "గప్పటి పళ్ళెం నాకేడ యాదికుంటది సారూ? దినాం యాభై పళ్ళేలు చూస్త. కని బుగ్గ లేస్తే నేను ఇడువను."

"రిజిస్టర్ల ఆరు లేదు. ఏడుంది."

ఆమె ముఖం చిట్లించింది. "ఆ అంకె నేను అన్ననే అనలే."

ఎవరో నవ్వారు. నేను కల్పించుకున్నాను. "ఆరున్నొక్కటి అని ఉంటావు పెద్దక్కా. అంటే అదే కదా."

"అవును, అదే" అంది ఆమె. "గట్లంటే అదే."

"మరి ఆరు ఎందుకు చెప్పలే?"

ఆమె నా వైపు చూసింది. నేను రిజిస్టరు వైపు చూశాను. అందులో ఉన్నది ఉన్నట్టే ఉంది.

సారు చెడ్డవాడు కాదు. ఆ రైతుకు కొత్త మోటారు కట్టించి ఇచ్చాడు. పెద్దక్కతో కూడా నెమ్మదిగానే మాట్లాడాడు. "వయసు మీద వడుతుందక్కా. కండ్లు మునుపటి తీరు ఉంటయా ఎవ్వలికన్న? నీ తప్పు గాదు. అచ్చులు తుడిచే పని ఇస్త, చేస్తవా?" అన్నాడు. ఆమె రెండు రోజులు అచ్చులు తుడిచింది. మూడో రోజు రాలేదు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"చెల్లే, నిజం చెప్పు. నాకు కండ్లు పోతున్నయా? నువ్వు పక్కన్నే ఉంటివి గదా."

నేను ఆలోచించే చెప్పాను. నాకు తెలిసినంతలో నిజమే చెప్పాననుకున్నాను. "రిజిస్టరు తప్పు చెప్పదు కదా పెద్దక్కా" అన్నాను.

"అవును" అంది. "నువ్వు తప్పు రాయవు."

ఆ నెలాఖరుకు కూతుర్ని తీసుకొని ఊరికి వెళ్ళిపోయింది.

1979 మార్చి 5, సోమవారం నాడు మహబూబాబాద్ నుంచి చిన్న పార్సిలు వచ్చింది. సారు హైదరాబాదు పోయి ఉన్నాడు. విప్పింది నేను. ఒక బిళ్ళ, ఒక చీటీ. ఇంకో మోటారులో నీళ్ళు దిగాయి, మళ్ళీ మీదే అని రాశాడు దుకాణం మనిషి. కట్టు మీద చూశాను. ఆగస్టు 22, పళ్ళెం 43, గుంట 1.

మొదటిది ఆరు. ఇది ఒకటి. రెండూ ఒకే పళ్ళెం, ముందు వరసలో ఈ చివర, ఆ చివర. కొలిమిలో చివరలే ముందు చల్లారుతాయని మా అందరికీ తెలుసు. నేను రిజిస్టరు తీయలేదు, తీయాల్సిన పని లేదు. నాకు ఆమె గొంతు వినబడింది. ఆమె ఆ రోజు ఒక బిళ్ళ సంగతి చెప్పలేదు, రెండు బిళ్ళల సంగతి చెప్పింది. ఆరున్ను, ఒకటి. రెండు బుడగలు కలిసి లేచి ఉంటాయి, రెండూ ఒక్క ఊపిరిలో చెప్పింది. పక్కన గాలి యంత్రం మోతలో తల ఎత్తకుండా నేను ఏడు అని రాసుకొని, ఏ దోషమూ లేని ఏడో బిళ్ళ సూది విరిచేసి, పగిలిన రెండిటినీ తుడిచి నంబర్లు గుద్ది పంపాను.

ఆమె లెక్క ఆమెకు వదిలేసి ఉంటే ఆరు, లాభం అనేది. ఆ మాటను ఎవరూ ఏడు అనుకోలేరు. ఒకటి అనమని నేర్పింది నేను.

ఆ బిళ్ళను చీటీతో సహా సంచిలో వేసుకున్నాను. సారుకు చెప్పలేదు. మహబూబాబాద్‌కు ఇంకో బిళ్ళ పంపి ఊరుకున్నాను. ఎందుకు చెప్పలేదని చాలాసార్లు నన్ను నేనే అడిగాను. పని పోతుందన్న భయం కొంత. అంతకన్నా ఎక్కువ, నా రాతలో తప్పుందని అప్పటివరకు ఒక్కరు కూడా అనలేదు. ఆ మాట మొదట నా నోటితో నేనే అనాలి. జనగామ నుంచి దేవరుప్పులకు బస్సు ఉంది. ఎక్కలేదు. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకుంటూ ఉండిపోయాను. 1984లో కార్ఖానా మూతపడింది. నేను ఒక బడిలో గుమాస్తాగా చేరాను.

1988 సంక్రాంతి సెలవుల తర్వాత కొలిమి దగ్గర పనిచేసిన మనిషి బజారులో కలిశాడు. మాటల్లో పెద్దక్క సంగతి వచ్చింది. కూతుర్ని బొగ్గు బావిలో పనిచేసే అబ్బాయికి ఇచ్చిందట, భూపాలపల్లిలో వాళ్ళ దగ్గరే ఉంటోందట.

"పాపం, కండ్లు పోయినయని ఏ పనీ ముట్టదంట. గప్పట్నించే" అన్నాడు.

ఫిబ్రవరి 14, ఆదివారం నాడు భూపాలపల్లి వెళ్ళాను. పార్సిలు విప్పిన నాటి నుంచి ఎనిమిదేళ్ళ పదకొండు నెలల తొమ్మిది రోజులు. ఊరంతా కొత్త క్వార్టర్లు, ఎర్ర మట్టి, బొగ్గు లారీలు. అడుగుతూ పోతే మూడో వరసలో ఇల్లు దొరికింది. కూతురు తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. అల్లుడు డ్యూటీలో ఉన్నాడు.

పెద్దక్క మంచం మీద కూర్చొని ఉంది. ముఖం మీద మందపాటి అద్దాలు.

"ఎవ్వలు? చెల్లెనా?" అంది. "గొంతు తెలుస్తుంది. దా, కూసో. ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా?"

కుశలాలు అడగనివ్వలేదు. అడిగితే చెప్పలేనని భయం. బిళ్ళ ఆమె చేతిలో పెట్టి, తేదీతో సహా అంతా చెప్పాను. నా చెవి ఎక్కడ తప్పింది, నా చెయ్యి ఏం రాసింది, పార్సిలు ఎప్పుడొచ్చింది, ఎన్నాళ్ళు దాచాను.

కూతురు గోడకు చేరగిలబడి వింది. అయిపోయాక నా ముందుకు వచ్చి నిలబడింది.

"చిన్నమ్మా, మా అవ్వ ఇన్నేండ్ల సంది సూదిల దారం ఎక్కియ్యలే. పొయ్యి కాడికి పోతే ఏడ కాల్తదో అని పోదు. దవాఖానల చూపిస్తే డాక్టరు అప్పుడు ఏం లేదన్నడు. ఈమెనే నమ్మలే. కాదు, నాకు కనవడ్తలేదు, మా చెల్లె తప్పు రాయదు అని కొట్లాడి అద్దాలు రాయించుకున్నది. ఇప్పుడొచ్చి చెప్తున్నవా?"

"ఊకోవే" అంది పెద్దక్క.

బిళ్ళను వేళ్ళతో తడుముతోంది. కట్టు చుట్టూ, గాజు మీద, సూది మీద. తడుముతూనే అడిగింది.

"అయితే గప్పుడు నాకు మంచిగనే కనవడ్డదా చెల్లే?"

"కనబడింది పెద్దక్కా."

"రెండూ?"

"రెండూ కనబడ్డాయి."

"కొస మీదియి రెండూ... కలిసి లేస్తే పట్టుడు కష్టం. ఒకటి చూస్తే ఒకటి పోతది." ఆమె ముఖంలో ఏదో కదిలింది. "లాభం అనొద్దన్నది నువ్వే గదా" అంది, కోపం లేకుండానే.

"నేనే."

ఇంకా ఏమైనా అంటుందని ఎదురు చూశాను. తిట్టి ఉంటే రాసుకొని దాచుకునేదాన్ని. ఆమె తిట్టలేదు. అద్దాలు తీసి మంచం మీద పెట్టింది. కళ్ళు నలుపుకొని కూతురితో అంది.

"చాటల బియ్యం పోసుకరావే. చెల్లె అన్నం తిని పోతది. నేను ఏరుత."

"అవ్వా, నేను ఏరిన..."

"మల్ల ఏరుత. తే."

గుమ్మంలో, ఎండ పడే చోట కూర్చొని చాట ఒళ్ళో పెట్టుకుంది. కూతురు ఏరని బియ్యమే తెచ్చి పోసింది. పెద్దక్క తొట్టి మీద వంగినట్టే వంగింది. వేళ్ళు అదే వేగం. ఒక రాయి పట్టి బయటికి విసిరింది, ఇంకోటి విసిరింది. నేను పక్కనే కూర్చొని ఉన్నాను. ఎండలో ఆమె ముఖం దగ్గరగా కనబడుతోంది. కుడి కంటి నల్లగుడ్డు మీద పాలమీగడలా పొర కట్టి ఉంది. రెండో కంటికి అప్పుడే మొదలైంది. ఇది ఈ తొమ్మిదేళ్ళలో వచ్చిందే. ఆమె వేళ్ళ పక్కనుంచే రాళ్ళు జారి బియ్యంలోకి పోతున్నాయి. నాకు ఒక్కోటీ కనబడుతోంది.

ఒకటి ఏరబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"చూస్తున్నవా చెల్లే? ఏం తక్కువైంది నాకు?" అంది తల ఎత్తకుండా. నేను వచ్చాక మొదటిసారి నవ్వింది. "ఇన్నేండ్లు ఉత్తగనే కూసున్న, మంచిగున్న కండ్లు పెట్టుకొని."

అన్నం వండి పప్పు, మామిడికాయ తొక్కు వేసింది కూతురు. ముగ్గురం కింద కూర్చున్నాం. పెద్దక్క తను తినకుండా నా నోటి వైపే చూస్తోంది.

"ఎట్లున్నది? రాయేమన్న తగిలిందా?"

కూతురు నమలడం ఆపి నా ముఖంలోకి చూసింది.

"తగల్లేదు పెద్దక్కా" అన్నాను.

అప్పటికి రెండు తగిలాయి. మూడోది నాలుక కింద పెట్టుకొని, ఆమె తనకు అన్నం కలుపుకునేదాకా ఉండి, నీళ్ళతో మింగాను.